గాజుకూ కండకూ నడుమ

ఓబులేసు వేసిన ముక్కలు గాజు మీద నిలవడం లేదు.

అదీ అతని బాధ. వినడానికి చిన్నమాటే. అతనికి మాత్రం అన్నం సయించకుండా చేసిన మాట. ఏం ముక్కలు, ఏం గాజు అని అడుగుతారు మీరు. చెప్తాను, నింపాదిగా వినండి.

పెన్న ఒడ్డున ఒక ఊళ్ళో ధర్మాసుపత్రి ఒకటుంది. పాతకాలం వాళ్ళు రాచపుండు అనేవాళ్ళే, ఇప్పుడు మనం క్యాన్సర్ అంటున్నాం, ఆ జబ్బు చూసే ఆసుపత్రి. ఒంట్లో గడ్డ కనిపిస్తే అందులోంచి సూదితో వడ్లగింజంత కండ తీస్తారు. దాన్ని మైనంలో పెట్టి దిమ్మ కడతారు. ఆ దిమ్మను ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తేలించి, గాజు స్లైడు మీదికి ఎత్తుకుంటారు. పూలరేకు నీళ్ళ మీద తేలినట్టే ఉంటుంది ఆ ముక్క. మనిషి బతుకంతా ఆ రేకులో ఉంటుంది.

అంతటితో అయిపోతే ఏ చిక్కూ లేదు. ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తులు ఆ కండలో దాక్కుని ఉంటాయి. కండ చెడిపోకూడదని ముందే ఫార్మలిన్‌లో నానబెడతారు కదా, ఆ ఫార్మలినే ఆ గుర్తులకు తాళం వేస్తుంది. తాళం తీయాలంటే స్లైడును మందు నీళ్ళలో ముంచి, కుక్కర్లో పెట్టి మరిగించాలి. మనం పప్పు వండుకునే కుక్కరు లాంటిదే. మరిగితేనే గుర్తు బయటపడి, ఆ పైన వేసే రంగు పట్టుకుని కనబడుతుంది. ఆ మరిగేటప్పుడే ముక్క ఊడి నీళ్ళలో కలిసిపోతుంది కూడా. మనింట్లో దోసె పెనానికి అంటుకుంటే తిట్టుకుంటాం. అక్కడ అంటుకోకపోతే తిట్టుకుంటారు.

ఓబులేసు ఈ పని పెద్ద పట్నంలో నేర్చుకుని వచ్చాడు. తోటివాళ్ళలో మొదటివాడు. ఆ ల్యాబులో రంగు పరీక్షల బల్ల అతనిది. ఆ బల్ల దగ్గరికి ఇంకొకరు వస్తే అతనికి నచ్చేది కాదు. తన తుండుగుడ్డతో తానే తుడుచుకునేవాడు.

మొదటిసారి ముక్క ఊడినప్పుడు స్లైడు మంచిది కాదన్నాడు. మళ్ళీ ఊడితే కుక్కరు మంచిది కాదన్నాడు. ఆ తరువాత నీళ్ళ తొట్టిలో జెలటిన్ అనే జిగురు కలిపాడు. చాలలేదని స్లైడుకు కోడిగుడ్డు తెల్లసొన పూశాడు. ఆ స్లైడ్లేమో, కండను తమంతట తామే పట్టుకునే గుణం పెట్టి తయారుచేసినవి. వాటి మీద సొన, ఆ పైన జెలటిన్. ఎంత జిగురు పెంచితే ముక్క అంత తేలిగ్గా ఊడింది. అతను ఇంకా పెంచాడు.

దిమ్మలు కోసే సుగుణక్క ఊరుకునే మనిషి కాదు. కుక్కరు మూత తీసినప్పుడల్లా అతని మొహం చూసి, "ఏమప్పా ఓబులేసూ, నీ ముక్కలు మళ్ళీ ఈతకు పోయినాయా?" అనేది. ల్యాబంతా నవ్వేది. ఓబులేసు నవ్వేవాడు కాదు.

ఒకనాడు సుగుణక్క కూడా నవ్వలేదు. ఆనాడు ఊడిపోయింది కుళ్ళాయమ్మ ముక్క.

కుళ్ళాయమ్మ బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్ముకునే మనిషి. రొమ్ములో గడ్డ. సూదితో కండ తీశారు. ఆ సూదికి ఆమె తట్టుకోలేకపోయింది. నొప్పి కన్నా భయం ఎక్కువ. ఆ గది, ఆ తెర, మీద వంగి చూసే మొహాలు. బయటికొచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంక ఆ గదిలోకి తనను పిలవొద్దని, పిలిస్తే ఇంటికి పోతానని అందరికీ వినబడేట్టు చెప్పింది. ఆమె పోతానంటే పోయే మనిషేనని చూసినవాళ్ళకు తెలిసింది. పోతే మళ్ళీ రాదు. రాకపోతే గడ్డ ఆగదు.

తీసిన కండేమో కొంచెం. అందులో మొదట కోసింది కొట్టుకుపోయింది. తరువాత కోసింది కూడా కొట్టుకుపోయింది. దిమ్మను వెలుతురుకు పట్టి చూసి సుగుణక్క, ఇంక ఒక్క ముక్కకు సరిపడా ఉందేమో, అంతే అంది.

కుళ్ళాయమ్మ రోజూ వచ్చేది. ల్యాబు కిటికీ దగ్గర నిలబడి, "ఏం నాయనా, ఈ పొద్దన్నా వచ్చిందా?" అని అడిగేది. యంత్రం చెడిపోయిందమ్మా, రేపు చూద్దాం అని లోపలి నుంచే చెప్పేవాడు ఓబులేసు. ఆమె తల ఊపి, వరండా బల్ల మీద కాసేపు కూర్చుని పోయేది.

ఆ యంత్రం ఏనాడూ చెడిపోలేదు. అది మీకూ తెలుసు, అతనికీ తెలుసు.

ఆ ల్యాబుకు పెద్ద జిలానీ సాహెబు. ఊరికి సాయిబు డాక్టరు, ల్యాబు పిల్లలకు సార్. మైక్రోస్కోపులో చూసి జబ్బు చెప్పడంలో ఆయన కన్ను తప్పదని పేరు. ఆ కంటికన్నా పెద్దది ఆయన మౌనమని తెలిసినవాళ్ళు అనేవాళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఒక పీర్ దగ్గర, అంటే సూఫీ గురువు దగ్గర, కూర్చుని ఏవో నేర్చుకున్నాడట. ఏం నేర్చుకున్నారు సార్ అని ఎవరైనా అడిగితే, కూర్చోవడం నేర్చుకున్నానని చెప్పేవాడు.

ఇన్నాళ్ళూ ఓబులేసు ఆయన దగ్గరికి పోలేదు. అడగడానికి నామోషీ. ఒకనాడు ఉదయమే, దిమ్మలో మిగిలిన ఆ కాస్త మళ్ళీ చూసుకున్నాక, పోయాడు.

వాకిట్లో నిలబడి, సార్, మన జిగుర్లు పనికిరావడం లేదు, పై దేశం నుంచి మంచి జిగురు ఒకటి వస్తోందట, తెప్పిస్తే బాగుంటుంది అన్నాడు.

జిలానీ సాహెబు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు ఏమేం వేస్తున్నావని అడిగాడు.

ఓబులేసు చెప్పాడు. ఎంత జెలటిన్, ఎంత సొన, ఎలా వడకట్టాడు, ఎలా పూశాడు. చెబుతుండగా అతని గొంతులోకి పాత దర్జా వచ్చేసింది. పట్నంలో కూడా ఇంత చేయరు సార్ అన్నాడు.

ఆయన అంతా విన్నాడు. విని, వేరే మాట అడిగాడు.

"ఆ రొట్టెల తల్లికేం చెప్పావు బేటా?"

ఓబులేసు గతుక్కుమన్నాడు. "యంత్రం చెడిపోయిందని చెప్పాను సార్."

"ఎందుకు?"

"నిజం చెబితే మన మీద నమ్మకం పోతుందని."

జిలానీ సాహెబు లేచి, చొక్కా చేతులు మడుచుకుంటూ ల్యాబులోకి నడిచాడు. ఓబులేసు వెనకాలే పోయాడు.

ఆయన నేరుగా ఓబులేసు బల్ల దగ్గరికి పోయి, నీళ్ళ తొట్టిలో వేలు ముంచాడు. బయటికి తీసి, బొటనవేలితో రాసి చూసుకున్నాడు. జారుగా ఉంది. తొట్టిని రెండు చేతులా ఎత్తి, ఆ నీళ్ళన్నీ తూములో పోసేశాడు.

సుగుణక్క చేతిలో పని ఆపి చూసింది. అంత పెద్దాయన, పీచు తీసుకుని తొట్టిని తానే తోమాడు. కడిగాడు. మళ్ళీ కడిగాడు. శుభ్రమైన గుడ్డతో తుడిచి, శుద్ధి చేసిన నీళ్ళు నింపి, వెచ్చబడడానికి పెట్టాడు. సొన పూసిన స్లైడ్లున్న పెట్టెను పక్కకు జరిపి, కొత్త పెట్టె విప్పి, ఒక స్లైడును అంచులు మాత్రమే పట్టుకుని తీసి ఓబులేసు చేతికిచ్చాడు.

జిగురు ఏది సార్ అని అడగబోయాడు ఓబులేసు. ఆయన నీళ్ళ వైపు చూస్తున్నాడు.

ఇంక సుగుణక్క పని. ఆమె బిస్మిల్లా అనలేదు, గోవిందా అనలేదు గానీ పెదవులు కదిలించింది. కోత యంత్రం చక్రం మెల్లగా తిప్పింది. మిగిలిన ఆ కాస్తలోంచి ఒక పొర వచ్చింది. నిజంగా ఒక్కటే. కుంచె కొసతో ఎత్తి తొట్టిలో వదిలింది. ముడతలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. కుళ్ళాయమ్మ కండలో మిగిలిందంతా ఆ తేటనీళ్ళ మీద తేలుతూ ఉంది.

ఓబులేసు స్లైడును నీళ్ళలోకి దించి, ముక్క కిందికి తెచ్చి, ఎత్తాడు. చేయి తిరిగినవాడే, అందులో లోటు లేదు. ముక్క గాజు మీదికి వచ్చింది. దాని కింద ఇంకా కొంచెం నీళ్ళున్నాయి, మెరుస్తూ.

అలవాటు చొప్పున అతని చేయి వేడి పలక మీదికి పోయింది. ముక్క ఎక్కడ జారిపోతుందోనని, ఎత్తిన వెంటనే కాల్చేయడం అతని పద్ధతి. నీళ్ళు పైకి ఆవిరయ్యే తొందరలో కింద నుంచి ముక్కను పొంగించేవి. పూరీ పొంగినట్టు, కంటికి కనబడనంత సన్నగా. పైకి చూస్తే అంటుకున్నట్టే ఉండేది, కుక్కర్లో ఊడేది.

జిలానీ సాహెబు అతని మణికట్టు పట్టుకున్నాడు. స్లైడును తన చేతిలోకి తీసుకుని, వేడికి దూరంగా, గోడకు ఆనించి నిలువుగా నిలబెట్టాడు. స్టూలు లాక్కుని దాని ఎదుట కూర్చున్నాడు. జేబులోంచి తస్బీ, జపమాల, తీసి పూసలు తిప్పడం మొదలుపెట్టాడు.

కాసేపటికి స్లైడు కింది అంచున ఒక బొట్టు కూడింది. ఆయన కాగితం మూలతో ఆ బొట్టును తాకాడు, తల్లి బిడ్డ ముక్కు తుడిచినట్టు. ముక్కను తాకలేదు. మళ్ళీ పూసలు. మళ్ళీ ఇంకో బొట్టు.

ఓబులేసుకు ఈ నిదానం భరించరానిదైపోయింది. జిగురు లేదు, వేడి లేదు. ఉన్నది ఒక్క ముక్క.

"ఇంక దేంతో పట్టుకుంటుంది సార్ ఇది?" అన్నాడు.

"దాని పట్టు దానికుంది బేటా. నడుమ నీళ్ళున్నాయి. వాటిని పోనీ."

అంతే అన్నాడు. పూసలు నాలుగు తిరిగాక, తల ఎత్తకుండానే, ఇక్కడ నీకు పని లేదు, ఇది ఆరేదాకా పోయి ఆ తల్లి పక్కన కూర్చో అన్నాడు.

ఏం చెప్పను సార్ అని అడిగాడు ఓబులేసు. ఆయన ఇంకో బొట్టు తుడిచాడు.

అయ్యా, కిటికీ లోంచి మాట్లాడడం వేరు, పక్కన కూర్చోవడం వేరు. ఓబులేసు ఆ ఆసుపత్రికి వచ్చాక వరండా బల్ల మీద ఏనాడూ కూర్చోలేదు. తెల్లకోటుతో పోయి కూర్చుంటే కుళ్ళాయమ్మ తన సంచి ఇటు జరుపుకుని చోటిచ్చింది. ఆమె దగ్గర జొన్నపిండి వాసన వేస్తోంది.

యంత్రం బాగయిందా నాయనా అని అడిగింది.

"యంత్రం చెడిపోలేదమ్మా," అన్నాడు.

ఆ తరువాత మాటలు వాటంతట అవే వచ్చాయి. కండను ఎలా కోస్తారో, ఎలా మరిగిస్తారో, తన చేతిలో రెండుసార్లు ఎలా పోయిందో చెప్పాడు. ఎక్కడ తప్పు చేశాడో ఇప్పుడిప్పుడే కొంచెం తెలుస్తోందని చెప్పాడు. మిగిలిన ఒక్క ముక్క లోపల ఆరుతోందని, అదీ పోతే మళ్ళీ సూది తప్పదని చెప్పాడు. ఆమె మొహం చూసే ధైర్యం లేక ఆమె చేతుల వైపు చూస్తూ చెప్పాడు. రొట్టె తట్టి తట్టి అరచేతులు నున్నగా, గట్టిగా ఉన్నాయి.

ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"నా కండ నీళ్ళల్లో పోయిందా?" అంది.

"అవునమ్మా."

వరండాలో ఎవరో ట్రాలీ తోసుకుపోయారు. అది మలుపు తిరిగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"మరి ఇన్నాళ్ళూ ఆ యంత్రాన్ని తిట్టుకుంటిని గదా. నా ఉసురు దానికి తగిలుంటాది, పాపం," అంది కుళ్ళాయమ్మ. నవ్వలేదు గానీ నవ్వుకు దగ్గరగా ఏదో వచ్చింది ఆమె గొంతులోకి. తరువాత అతని వైపు తిరిగి, అతని వేళ్ళు చూసింది. అవి కోటు గుండీని తిప్పుతూనే ఉన్నాయి.

"నువ్వు గూడా భయపడతాండావా నాయనా?"

"భయపడతాండానమ్మా." పట్నపు మాట పోయి, తల్లి నేర్పిన మాట వచ్చింది అతని నోట.

"మంచిది. నేనొక్కదాన్నే అనుకుంటాంటి."

ఆ పైన ఆమె చెప్పిందిది. ఆ ముక్క కూడా పోతే సూదికి వస్తుంది. ఇంటికి పోదు. కానీ ఆ గదిలో, తెర ఇవతల, ఆమెకు కనబడే చోట అతను నిలబడాలి. మీద వంగి చూడకూడదు, ఊరికే నిలబడాలి. సరేనమ్మా అన్నాడు ఓబులేసు. ఆమె సంచిలోంచి రొట్టె తీసి తుంచి అతనికిచ్చింది. తిన్నాడు. ఎన్నాళ్ళకో అతనికి తిండి రుచి తెలిసింది.

అతను లోపలికి వచ్చేసరికి స్లైడు ఇంకా గోడకు ఆనే ఉంది. కింద మెరుపు లేదు. ముక్కా గాజూ వేరువేరుగా కనబడడం లేదు. అప్పుడు దాన్ని చిన్న సెగ ఉన్న పెట్టెలో పెట్టారు. తొందర పెట్టకుండా బాగా వెచ్చబడనిచ్చారు. మైనం కరిగించి కడిగారు. మధ్యాహ్నం దాటాక మందు నీళ్ళలో దించి, కుక్కరు మూత బిగించాడు ఓబులేసు.

లోపల కుతకుత మొదలైంది. గాజును పట్టుకుని గాలివానలో ఒంటరిగా ఉంది ఆ ముక్క. ఇంక ఎవరు చేయగలిగిందీ ఏమీ లేదు. సుగుణక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మంట కట్టేశాక ఓబులేసు కుక్కరును కొళాయి కిందికి తీసుకుపోలేదు. ఇదివరకు రోజూ చేసే పని అది, చన్నీళ్ళు పోసి మూత తొందరగా తీసేయడం. ఆ పొద్దు ఊరికే కూర్చున్నాడు. వేడి దానంతటది దిగుతుంటే వింటూ కూర్చున్నాడు. జిలానీ సాహెబు ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో తెలియలేదు.

కుక్కరు చల్లబడింది. ఓబులేసు మూత మీద చేయి వేశాడు.

"ఆగు బేటా," అన్నాడాయన. "తీయకముందే చెప్పు. ముక్క ఉందా, పోయిందా?"

ఓబులేసు ఆలోచించాడు. తోచిన మాట చెప్పి తప్పించుకోవడం అతనికి చాతనయిన విద్యే. ఆ విద్య ఎటు పోయిందో, ఆ పొద్దు రాలేదు.

"తెలియదు సార్," అన్నాడు. ఆ పైన అన్నాడు: "పోయినా ఆమె దగ్గరికి పోగలను."

"అయితే తీయి."

తీశాడు. స్లైడును మెల్లగా ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టాడు. ముక్క ఉంది. ఒక్క మూల కూడా లేవలేదు. దానికి రంగు పట్టడం, గుర్తు కనబడడం, కుళ్ళాయమ్మకు తగిన మాత్రలు రాయడం ఆ తరువాతి సంగతులు. దేవుడి దయ వల్ల అన్నీ జరిగాయి.

సుగుణక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ స్లైడును ఆయనకు చూపిద్దామని ఓబులేసు వెనక్కి తిరిగాడు.

జిలానీ సాహెబు అక్కడ లేడు. వరండా చివర, పొద్దు వాలే వేళ చేసే అసర్ నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నాడు. ల్యాబు వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు.

ఓబులేసు పిలవబోయి, పిలవలేదు.